కుర్చీ కింద రాలిన గింజలు

ఆస్పత్రి వినికిడి విభాగంలో కొత్తగా చేరినవాళ్ళకి ముందు నేర్పేది ఊడవడం. మిషను తర్వాతి సంగతి. సెనోబియా వారాచీ చేరిన రోజే పెద్దావిడ ఎర్మీనియా ఆమె చేతిలో ఒక పొట్టి చీపురు పెట్టింది.

"మనిషి లేవగానే కుర్చీ కింద ఊడ్చేయాలి. ముందువాళ్ళ గింజలూ తర్వాతివాళ్ళ గింజలూ కలిశాయనుకో, ఎవరి చెవుడు ఎవరిదో తేలక చస్తాం."

ఒరూరో ఊళ్ళో ఇది అందరికీ తెలిసిన సంగతే. చెవి పట్టుకోలేని శబ్దం గాల్లో కలిసిపోదు, కింద రాలుతుంది. మందపాటి గోడల చిన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మనిషి కూర్చుంటాడు. అద్దానికి ఇవతల నుంచి మిషను మీద ఒక్కో కూత పంపిస్తారు. వినపడితే సరే. వినపడకపోతే అది గింజై కుర్చీ పక్కన చప్పుడు లేకుండా పడుతుంది. బొంగురు శబ్దాలు చిక్కుడు గింజలంత ఉంటాయి, కీచు శబ్దాలు ఆవాల్లాంటి కీన్వా గింజలంత. గనుల్లో డ్రిల్లు పట్టి వచ్చిన మగవాళ్ళ కుర్చీ కింద అన్నీ సన్నవే. చేత్తో ఎక్కువసేపు పట్టుకోకూడదు. ఒంటి వేడి తగిలితే ఆ గింజ తన కూత ఒక్కసారి కూసి పొడైపోతుంది. సాయంత్రం చేటలో ఎత్తి పెరట్లో పోస్తే పావురాలు తింటాయి. అందుకే ఆ ఆస్పత్రి పావురాలు కువకువలాడవు, మిషనులాగా కూస్తాయి. ఏ గింజలు తింటే ఆ కూతలే. ఎర్మీనియా కిటికీ దగ్గర టీ తాగుతూ విని, "ఇవాళ ముసలివాళ్ళే ఎక్కువ వచ్చినట్టున్నారే" అనేది.

పిల్లలకి మాత్రం ఇంకో పద్ధతి. వాళ్ళకి పరీక్షంటే ఆట: కూత వినపడ్డప్పుడల్లా ఒక గుండీ తీసి డబ్బాలో వెయ్యాలి. కాని పిల్లల కళ్ళు చురుకు. పక్కన గింజ రాలడం కంటపడితే చాలు, వినపడకపోయినా గుండీ వేసేస్తారు. అందుకని పిల్లని కూర్చోబెట్టగానే మెడ దగ్గర్నుంచి నేల దాకా కుర్చీ చుట్టూ గుడారంలా ఒక అగ్వాయో కప్పాలి, చేతులు మాత్రం బయటికి ఉంచి. అగ్వాయో అంటే ఆ ఊరి ఆడవాళ్ళు బిడ్డల్నీ దుంపల్నీ వీపున కట్టుకుని మోసే చారల దుప్పటి. విభాగంలో ఉన్నది ఎర్మీనియా వాళ్ళమ్మది. ఎన్ని ఉతుకులు ఉతికినా గొర్రె వాసన పోలేదు.

సెనోబియాకి ఆ గుడ్డంటే సిగ్గు. ఆమె తల్లి అలాంటి గుడ్డలోనే ఎండు దుంపలు మూటగట్టుకుని బజారులో కూర్చుని అమ్మేది. చిన్నప్పుడు బడి దగ్గర తల్లి కనపడితే సెనోబియా సందు మారేది. కుచ్చుల లంగా, నెత్తిన టోపీ, వీపున మూట, వీటన్నిటికీ దూరంగా వచ్చేశానని తెల్లకోటు తొడుక్కున్న రోజు అనుకుంది. తీరా ఇక్కడా అదే గుడ్డ.

ఎర్మీనియా పన్ను పీకించుకోడానికి సెలవు పెట్టిన రోజు లా పాస్ నగరం నుంచి ఇద్దరు కుర్ర డాక్టర్లు విభాగం చూడటానికి వచ్చారు. ముందురోజు ఇంటికి పోతూ ఎర్మీనియా ఒకటికి రెండుసార్లు చెప్పింది, "పిల్లలెవరైనా వస్తే మర్నాడు రమ్మను. నేను లేకుండా నువ్వు చూడకు" అని.

కుర్రాళ్ళలో ఒకడు అగ్వాయో అంచుని రెండు వేళ్ళతో ఎత్తాడు. "ఇదేంటి, ఇక్కడ దుంపలు కూడా అమ్ముతారా?"

"తక్కెడ ఎక్కడ పెట్టారో చూడు," అన్నాడు రెండోవాడు.

సెనోబియా కూడా నవ్వింది. నవ్వి, "మా పెద్దావిడ పాతకాలం అలవాట్లు లెండి" అంది. ఆ మాట అనేశాక ఆ గుడ్డ ముట్టుకోడానికి చెయ్యి రాలేదు. మడిచి బీరువా వెనక్కి తోసేసింది.

సరిగ్గా అప్పుడే ప్రిమితీవా కోల్కే వచ్చింది, నాలుగేళ్ళ కూతురు లుస్మిలాని రెక్క పట్టుకుని.

"డాక్టరమ్మా, ఇది పిలిస్తే పలకదు. మా అత్త మొండిఘటం అంటుంది. మా ఆయనేమో నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందంటాడు. నాకే మనసొప్పక, పోనీ ఓసారి చెవులు చూపిద్దామని..."

నేను డాక్టర్ని కాదమ్మా, నేర్చుకుంటున్నాను, అని చెప్పాల్సింది. కుర్రాళ్ళిద్దరూ గోడకానుకుని చూస్తున్నారు. "కూర్చోబెట్టండి," అంది సెనోబియా.

అద్దంలోంచి పిల్ల నడినెత్తి, రెండు జడలు మాత్రం కనపడుతున్నాయి. ఆ అద్దం ఎత్తులో ఉంటుంది, నేల కనపడదు. సెనోబియా కూత పంపింది. గుండీ పడింది. ఇంకా సన్నగా పంపింది. గుండీ పడింది. దోమ రొద కంటే తక్కువ చేసింది. అయినా పడింది. తల వంచుకుని ఎంత బుద్ధిగా వింటోందో అనుకుంది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. "ఈ పిల్ల గోడవతల చీమ నడిచినా వినేట్టుందే!"

"చెవులు బంగారమమ్మా," అంది సెనోబియా తల్లితో. గొంతులో కాస్త పెద్దరికం కూడా తెచ్చుకుంది. "వినపడక కాదు, వినదలుచుకోక. కొంచెం భయభక్తులు పెట్టండి, సరిపోతుంది."

ప్రిమితీవా ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. వెళ్తూ పిల్ల వైపు చూసిన చూపు మాత్రం వచ్చినప్పటి చూపు కాదు.

అందరూ వెళ్ళాక సెనోబియా చీపురు తీసుకుని గదిలోకి వంగింది.

కుర్చీ చుట్టూ నేల కనపడలేదు. చిక్కుడు గింజలంతవీ కీన్వా గింజలంతవీ, పంపిన ప్రతి కూతా అక్కడే పడి ఉంది. ఒక్కటి కూడా ఆ చెవుల్లోకి పోలేదు. పిల్ల తల వంచుకున్నది వినడానికి కాదు. ఆట బాగా ఆడింది పాపం. రాలిన ప్రతి గింజకీ ఒక గుండీ వేసింది.

పరిగెత్తితే తల్లీకూతుళ్ళు గేటు దగ్గరే దొరికేవాళ్ళు. కాని గేటు దగ్గర ఆ కుర్రాళ్ళు కూడా ఉన్నారు, టాక్సీ కోసం. సెనోబియా చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె చెవులు మండిపోతున్నాయి. పెరట్లో పోద్దామా అంటే పావురాలు ఊరుకోవు. అన్ని స్వరాలూ కలిపి కూస్తాయి, రేపు ఎర్మీనియా కిటికీ దగ్గర నిలబడి ఇంత చెవుడు ఎవరిదే అని అడుగుతుంది. చివరికి ఒక ఖాళీ టీ డబ్బాలోకి ఎత్తి మూత బిగించి, చల్లటి వసారాలో ఉన్న తన అరలో బట్టల వెనక దాచింది.

మర్నాడు ఎర్మీనియా బుగ్గ వాచిపోయి, తలకి మఫ్లరు చుట్టుకుని వచ్చింది. వాచిన నోటితోనే అడిగింది. "పిల్లెవరో వచ్చిందటగా. ఒక్కదానివే చూశావా?"

"చాలా దూరం నుంచి వచ్చామన్నారు. అందుకని..."

"గుడ్డ కప్పావా?"

"కప్పాను."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని సెనోబియాకి అప్పటిదాకా తెలీదు. ఎర్మీనియా ఆమె వైపు చూసి, "చెవులెందుకే అంత ఎర్రగా ఉన్నాయి?" అంది.

"చలికి," అంది సెనోబియా.

ఆ తర్వాత ప్రతి పూటా అర తెరిచినప్పుడు డబ్బా వైపు చూడకుండా కోటు తీసుకునేది. రేపు చెప్దాం అనుకునేది. రేపు వచ్చేది. ఇంకో పరీక్ష, ఇంకో ముసలాయన, ఇంకో చేటెడు గింజలు. శిక్షణ పూర్తయ్యేదాకా ఆగితే తనని ఎవరూ వెనక్కి పంపలేరు కదా అని కూడా ఒకసారి అనిపించింది. అలా అనిపించినందుకు ఆ పూట అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున చలిగాలికి తట్టుకోలేక బజారులో ఆపి అనే వేడి జావ అమ్మే బండి దగ్గర ఆగింది. ఊదారంగు మొక్కజొన్న జావ పెద్ద గిన్నెలో ఉడుకుతోంది. గరిటె తిప్పుతున్న మనిషి తలెత్తి, "అయ్యో, మా డాక్టరమ్మ!" అంది. ప్రిమితీవా.

సెనోబియా వెనక్కి తిరిగేలోపే చేతిలో పొగలు కక్కే గ్లాసు పెట్టేసింది. "ఊరికే తాగండి. మీరు చెప్పబట్టి కాని, లేకపోతే చెవులు చెవులు అంటూ ఇంకెన్ని ఆస్పత్రులు తిరిగేదాన్నో. ఇప్పుడు గట్టిగానే పడుతున్నా. చూడండి," అని వెనక్కి తిరిగి, "లుస్మిలా! ఒసే లుస్మిలా!" అని అరిచింది.

పిల్ల బండి పక్కన కూర్చుని గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. కదల్లేదు.

"చూశారా పొగరు!" ప్రిమితీవా వంగి పిల్ల చెవి పట్టుకుని మెలేసింది. "బంగారం లాంటి చెవులని డాక్టరమ్మే చెప్పింది. ఇంకా ఎవరి ముందే నీ నాటకాలు?"

పిల్ల ఏడవలేదు. ఆ చెవి అప్పటికే ఎర్రగా కమిలిపోయి ఉంది. పిల్ల సెనోబియాని గుర్తుపట్టింది. వెంటనే సెనోబియా కాళ్ళ దగ్గర నేల వైపు చూసింది. ఏమైనా రాలుతుందేమో అని ఆత్రంగా, చేతిలో గ్లాసు సిద్ధంగా పట్టుకుని.

సెనోబియా గ్లాసు పక్కన పెట్టి, ఏదో గొణిగి, జనంలోకి నడిచేసింది.

సోమవారం తలుపులు తెరవకముందే ఎర్మీనియా ముందు డబ్బా పెట్టింది. జరిగిందంతా చెప్పింది, బీరువా వెనక్కి తోసిన గుడ్డతో సహా. ఎర్మీనియా మూత తీసి లోపలికి చూసింది.

"నాలుగేళ్ళ పిల్ల. మాటలు పట్టుకునే వయసు. పోయిన రోజు మళ్ళీ రాదు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే దాచావు."

తిట్టినా బాగుండేది. సెనోబియా గోళ్ళు గిల్లుకుంటూ, "నన్ను పంపించేస్తారా?" అంది.

"చూడు, ఇప్పుడు కూడా నీ గొడవే నీది," అంది ఎర్మీనియా. బీరువా వెనకనుంచి అగ్వాయో లాగి, దుమ్ము దులిపి, డబ్బాని అందులో పెట్టి మూట కట్టింది. "చేత్తో పట్టుకోకు, వెచ్చబడతాయి. వీపున కట్టుకుని నడు. నాకు చెప్తే ఏం లాభం, ఆ తల్లికి చెప్పు."

అలా తెల్లకోటు మీద మూట కట్టుకుని సెనోబియా బజారు మధ్యలోంచి నడిచింది. జనం చూశారు. ఎండు దుంపల వరసలో ఆమె తల్లి కూడా చూసింది. ముందు ఎవరో అనుకుని, తర్వాత గుర్తుపట్టి, ఎత్తనా వద్దా అన్నట్టు చెయ్యి సగం ఎత్తింది. సెనోబియా సందు మారలేదు. తనూ చెయ్యి ఎత్తింది.

ఆపి బండి దగ్గర మూట దించింది. "అమ్మా, నేను డాక్టర్ని కాదు. నేర్చుకుంటున్నదాన్ని. ఆ రోజు మా పెద్దావిడ లేకుండా నేనే చూసి తప్పు చెప్పాను. కప్పాల్సిన గుడ్డ కప్పలేదు. మీ పాపకి వినపడదు."

ప్రిమితీవా గరిటె ఆగింది. "నువ్వేగా బంగారం అన్నావు?"

"అన్నాను. మీరు వెళ్ళిన కాసేపటికే తెలిసింది. సిగ్గేసి చెప్పలేదు."

"సిగ్గేసిందా?" ప్రిమితీవా గొంతు ముందు చిన్నగానే ఉంది. "నువ్వు చెప్పావనే కదే నేను దాన్ని కొట్టాను! మా ఆయన ఎత్తిన చెయ్యి ఇన్నాళ్ళూ అడ్డం పడి ఆపినదాన్ని, నీ మాట నమ్మి నేనే కొట్టాను! ఇప్పుడొచ్చి కాదంటే ఎలా నమ్మేది? రేపు ఇంకోటి చెప్పవని ఏంటి?"

"నన్ను నమ్మొద్దు. చెయ్యి పట్టండి."

గిన్నె వేడికి కాగి ఉన్న ఆ దోసిట్లో సెనోబియా డబ్బా బోర్లించింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత లావు గింజలు దూరపు రైలులా కూశాయి. వాటిమీద నడిమివి, వాటిమీద సన్నవి, ఈలలై, కీచులై, అన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. మినీబస్సు డ్రైవరు బ్రేకు వేశాడు. కుక్కలు మొరిగాయి. ఉల్లిపాయల వాళ్ళు, ఉన్ని వాళ్ళు, దుంపల వాళ్ళు, వరసంతా ఇటు తిరిగింది.

లుస్మిలా తిరగలేదు. తల్లి లంగా అంచున కూర్చుని, గ్లాసులో గ్లాసు పెట్టుకుంటూ ఉంది.

కూతలు ఆగిపోయాయి. దోసిట్లో బూడిదలాంటి పొడి మిగిలింది. ప్రిమితీవా దాన్ని దులపలేదు. అలాగే కింద కూలబడి, పొడి అంటిన చేతులతోనే పిల్ల మొహం దగ్గరికి తీసుకుని, కమిలిన చెవి మీద పెదాలు ఆనించింది. తర్వాత సెనోబియా వైపు చూడకుండానే, "బండి ఎవరైనా చూసుకుంటార్లే. ఆ పెద్దావిడ ఉందా ఇప్పుడు?" అని లేచింది.

ఎర్మీనియా మళ్ళీ మొదట్నుంచి పరీక్ష చేసింది. చెవులకి అచ్చులు తీసింది, చెవిలో పెట్టుకునే మిషన్లు తెప్పించింది. అవి వచ్చేదాకా సెనోబియా మళ్ళీ చీపురుతోనే ఉంది. ఊడవడం తప్ప ఇంకే పనీ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

మిషన్లు పెట్టిన రోజు ప్రిమితీవా లోపలికి వచ్చినా సెనోబియాతో మాట్లాడలేదు. ఎర్మీనియా పిల్లకి చిన్న చిన్న చెవి మిషన్లు తొడిగి, వెనక్కి చూసి, "రా. మిషను దగ్గర నువ్వే కూర్చో," అంది.

"నేనా?"

"మరెవరు? ముందు గుడ్డ కప్పు."

సెనోబియా అగ్వాయోని మెడ దగ్గర్నుంచి నేల దాకా కప్పింది. ఎక్కడా సందు లేకుండా చుట్టూ మోకాళ్ళ మీద తిరిగి సర్దింది. గొర్రె వాసన వేసింది. ఇవతలికి వచ్చి కూర్చుంది. అద్దంలోంచి మళ్ళీ అదే నడినెత్తి, అవే రెండు జడలు. అలవాటు ప్రకారం పిల్ల కిందికే చూస్తోంది. కింద చారలు తప్ప ఏమీ లేవు.

సెనోబియా కూత పంపింది.

లుస్మిలా తలెత్తింది. ఎవరు పిలిచారన్నట్టు అటూ ఇటూ చూసి, అద్దంలోంచి సూటిగా సెనోబియా కళ్ళలోకి చూసి, గుండీ డబ్బాలో వేసింది.

ఆ చూపుకి తట్టుకోలేక ఈసారి నేల చూసింది సెనోబియా.