ఫియట్ ఉన్న షెడ్డు

“ఇంట్లనే ఉంటవ్ గద, జెర చూస్కో” అన్న మాటతో హరికిషన్ తన భార్య రజిత నెత్తిన పెట్టని పని లేదు. గ్యాసు బండ ఆ మాటతోనే వచ్చింది. కరెంటు బిల్లు, అత్తగారి బీపీ గోళీలు, పైపు కారితే ప్లంబర్ వెంట పడటం, అన్నీ ఆ మాట తోక పట్టుకునే రజిత దగ్గరికి వచ్చాయి. చివరికి ఓ పొద్దున బేగంపేట ఆఫీసుకు బయలుదేరుతూ, బూటు లేసు కట్టుకుంటూనే, కాప్రాలోని వాళ్ళింటి పక్క రేకుల షెడ్డు వైపు గడ్డం ఎగరేసి, “గా కారు తుప్పు సుత జెర గీకిపెట్టు” అన్నాడు.

ఆ కారు మామగారు సదాశివ రైల్వేలో ఉండగా కొన్న ఫియట్. ఆయన పోయాక దాన్ని తుడిచిన నాథుడు లేడు. దాని తుప్పు సంగతి చెబితే నమ్మరు గానీ, తలుపు గట్టిగా వేస్తే ఎర్రటి పొడి లేచి, ఎవరింట్లోనో మిరపకాయలు దంచుతున్నారనుకుని వీధి వీధంతా తుమ్మేది. ఎలుకలు సైతం అడుగు బొక్కలోంచి జారిపడతామన్న భయంతో ముందు ఓ ముసలి ఎలుకను లోపలికి పంపి, అది క్షేమంగా తిరిగొచ్చాకే కాపురాలు పెట్టేవట. అలాంటి బండిని తాను బాగుచేస్తున్నానని హరికిషన్ ఆఫీసంతా చెప్పుకున్నాడు. చెప్పుకోవడం అతని వంతు, గీకడం రజిత వంతు.

అడుగున పడ్డ పెద్ద బొక్కలకు టింకరింగ్ చేసే ఓంప్రకాశ్ వచ్చి కొత్త రేకు అతికి వెల్డింగ్ చేసిపోయాడు. బొల్లారంలో జెఫ్రీ సారు జీపుకు ఇలా గీకేవాళ్ళు దొరకడం లేదని వాపోయాడు. పోతూ పోతూ, “వదినా, గీకిన రేకుకు తడి తగలనీయకుర్రి. చెమట చెయ్యి సుత పెట్టద్దు, తెల్లారేసరికి మళ్ల ఎర్రగైతది. జల్ది ప్రైమర్ కొట్టుర్రి” అన్నాడు. కొడదామంటే హరికిషన్ ఒప్పుకోలేదు. రంగుకు ముందు వేసే ఆ ప్రైమర్ పూత మొత్తం బండికి ఒక్కసారే, ఆదివారం పూట, తన చేత్తోనే కొట్టాలట. అది రజిత వీడియో తీయాలట. అంతకు ముందు అతను ఆఫీసు వాళ్ళకు పంపిన ఫోటోలో ఓ మూల ఆమె చెయ్యి పడితే దాన్ని కత్తిరించేశాడు. “గోర్లు చూడు, మెకానిక్ లెక్కున్నయి” అన్నాడు నవ్వుతూ.

మొదట్లో రజిత తిట్టుకుంటూనే గీకింది. ఆ తిట్లు ఎప్పుడు ఆగిపోయాయో ఆమెకే తెలియదు. మధ్యాహ్నం అంట్లు తోమేసి, అత్తగారి మంచం మీద దుప్పటి దులిపి, షెడ్డులోకి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుంటే చాలు, వైరు బ్రష్ కింద ఎర్రటి పొట్టు రాలిపోయి తెల్లటి రేకు బయటపడేది. పొద్దున తోమిన గిన్నె మధ్యాహ్నానికి మాసేది. ఊడ్చిన ఇల్లు ఊడ్చినట్టు ఉండేది కాదు. పెళ్ళయిన నాటినుంచి వండిన అన్నమంతా ఏదీ చూపించమంటే ఆమె ఏం చూపించగలదు? ఇక్కడ మాత్రం నిన్న గీకింది ఇవాళ కూడా గీకినట్టే ఉండేది. కళ్ళు మూసుకుని రేకు మీద అరచెయ్యి నడిపిస్తే సొట్ట ఎక్కడుందో చెయ్యే చెప్పేది. పెళ్ళికి ముందు సికింద్రాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేసినప్పుడు పట్టుచీరలో పోగు తెగిన చోటు కనిపెట్టింది ఆ చెయ్యే. “పెళ్లైనంక దుకాణంల నిలవడుడు ఏం బాగుంటది” అని అప్పట్లో హరికిషన్ అంటే మానేసింది. చెయ్యి ఆ విద్య మరిచిపోయే ఉంటుందనుకుంది. మరవలేదు. ఆ సంతోషంలో నోట్లోంచి పాట కూడా వచ్చేది, ఎవరికీ వినపడదన్న ధీమాతో.

గుబులు ఒక్కటే. “బండి అయినంక గేటు ముందట పెడ్త. షెడ్డు కొరియర్ వాళ్లకు కిరాయికిస్త” అన్నాడు హరికిషన్. పని ఎంత చక్కగా సాగితే ఆ జాగా అంత త్వరగా చెయ్యి జారిపోతుంది. అందుకే చివర మిగిలిన వెనక మడ్‌గార్డు దగ్గరికి వచ్చేసరికి రజిత, పసిపిల్లకు తల దువ్వినట్టు, మెల్లమెల్లగా గీకుతోంది.

ఇంతలో ఓ వింత. గీకి శుభ్రం చేసిన తలుపు మీద మర్నాటికి ఎర్రటి మరకలు తేలాయి. తర్వాత డిక్కీ మీద. “ఒక్క పని సక్కగ చేయరాదు నీకు” అన్నాడు హరికిషన్. వాన గాలి అనుకుని రజిత పాత చీర కప్పింది. అయినా వచ్చాయి. చీర ఎత్తి, వెలుతురులో వంగి చూసింది. అవి మరకలు కావు, అరచెయ్యి. నాలుగు వేళ్ళు తిన్నగా పడ్డాయి. చిటికెన వేలు మాత్రం లోపలికి ముడుచుకుని ఉంది. ఆ ఇంట్లో అలాంటి వేలు అత్తగారు శ్యామలమ్మకు ఒక్కదానికే ఉంది.

ఆవిడ వెనక వరండాలో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది.

“అత్తమ్మా, కారు మీద చెయ్యి పెడ్తున్నవా?”

“పెడ్తున్న.” తల ఎత్తలేదు.

“తడి చెయ్యా?”

“ఉప్పు నీళ్లు. ఉత్త నీళ్లకు తుప్పు జల్ది పడ్తలేదు.”

“ఏందత్తమ్మా గిది! నేను చేతులు పడిపోయేటట్టు గీకుతుంటె...”

“గందుకే. గీకితే అయిపోతది. అయిపోతే వాడు షెడ్డు కిరాయికిస్తడు. నువ్వు మళ్ల వంటింట్ల మూతి ముడుచుకొని తిరుగుతవ్. నాతోటి కాదు బిడ్డా, నిన్ను గట్ల చూసుడు.” ముక్క గిన్నెలో పడేసి, గొంతు తగ్గించింది. “ఆడ పాడుతవ్ గద, నా మంచం కాడికి ఇనిపిస్తది. నాకు గసొంటి జాగ యాడిది? బియ్యం డ్రమ్ము ఎనుక నిలవడి నాతోటి నేనే ముచ్చట పెట్టేదాన్ని. ఒకపారి మీ మామ చూసి, దయ్యం పట్టిందని తాయెత్తు కట్టిచ్చిండు.”

రజిత నవ్వు ఆపుకోలేక కత్తిపీట పక్కనే చతికిలబడింది. ఆ తర్వాత అత్తాకోడళ్ళు నవ్విన నవ్వుకు కాప్రా చెరువు మీది కొంగలు లేచి, చీకటి పడ్డాక గానీ కిందికి దిగలేదు.

కళ్ళు తుడుచుకుని రజిత అడిగింది. “తుప్పును నమ్ముకొని ఎన్ని దినాలుంటనత్తమ్మా?”

లేచి షెడ్డులోకి వెళ్ళింది. ఆ వేళ్ళ గుర్తులన్నీ గీకేసింది. మడ్‌గార్డు పూర్తి చేసింది. ఆదివారం రాకముందే, ఎండ బాగా కాసిన రోజు చూసి ప్రైమర్ డబ్బా మూత తెరిచింది. అత్తగారు పాత గరిటెతో కలిపి ఇస్తుంటే పొద్దస్తమానం కొట్టింది.

సాయంత్రం హరికిషన్ వచ్చి, బూడిదరంగులో నున్నగా నిలబడ్డ కారును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎవరు కొట్టిండ్రు?”

“నేనే.”

“మరి వీడియో?”

“చేతులు ఖాళీ లెవ్వు.”

అతను కాసేపు సణిగాడు, కారు చుట్టూ తిరిగాడు, చివరికి సర్దుకున్నాడు. “సర్లే, అయితే అయింది. రంగు బయట ఏపిస్త. రేపు కొరియర్ వాళ్లను రమ్మంట. నీ సామానంతా తీసి ఖాళీ చెయ్.”

రజిత అతని ఎదురుగానే ఓంప్రకాశ్‌కు ఫోన్ కలిపింది. “భయ్యా, బొల్లారంల జెఫ్రీ సారు జీపు తుప్పు పట్టింది, మంచిగ గీకేటోళ్లు దొరకక పరేషాన్ల ఉన్నడంటివి గద. తోలుకరా. నేను చేస్త. జాగ ఉంది.”

“జాగ యాడుంది?” హరికిషన్ గొంతు లేచింది. “కారు తీసి షెడ్డు వాళ్లకిస్తున్నని చెప్పిన గద!”

రజిత ఫోన్ పక్కన పెట్టి, ప్రైమర్ అంటిన చేతులు నింపాదిగా కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంది.

“కారు పోతది,” అంది. “నేను పోను.”