ముందు ఎవరు పీకాలి

మా మేనత్త బతికున్నన్నాళ్ళూ మా ఊళ్ళకు రేడియోతో పని పడలేదు. ఆమె పెరట్లో తుమ్మితే పది ఊళ్ళవతల "చిరంజీవ" అనేవారు. ఆమె పోయాకే కమ్యూనిటీ రేడియో పెట్టుకున్నాం. మోత రాకుండా గోడలకు గుడ్ల అట్టలు అంటించిన గదిలో కూర్చుని మా తమ్ముడి కోడలు సాయంత్రాలు సాగు సంగతులు చెబుతుంది. చివర్లో నేనో కోతలరాయుడి కబురు వినిపిస్తాను. జీతం ఇద్దరికీ ఒకటే, టీ.

ఈ ఏడు టమాటాకు ఆకుముడత తగిలింది. తెల్లదోమ ఈ మొక్క జబ్బును ఆ మొక్కకు మోస్తుంది. తగిలిన మొక్కకు మందు లేదు, పీకి పాతిపెట్టాలి. అదీ అందరూ ఒకేసారి పీకాలి, లేకపోతే పక్కచేలోంచి దోమ మళ్ళీ దిగుతుంది. ఈ మాట అమ్మాయి అరటిపండు ఒలిచినట్టు చెప్పి, ఆదివారం పొద్దున్నే పీకేద్దామంది. ఆమెది కౌలు చేను. ఈ పంట పోతే వేరేవాళ్ళకిస్తానని ఆసామి ముందే అన్నాడు.

ఫోన్లే ఫోన్లు. "అలాగే తల్లీ" అన్నవాళ్ళే అందరూ. పక్కచేను వాడూ అన్నాడు. వాణ్ణి మేం 'చూద్దాం' అని పిలుస్తాం. పుట్టగానే మంత్రసాని ఏడవరా అంటే చూద్దాంలే అన్నాడట.

ఆదివారం ఆమె కాయలున్న మొక్కలతో సహా జబ్బు తగిలిన సగం చేను పీకింది, నేను గుంట తీసి పాతిపెట్టాను. చుట్టుపక్కల ఇంకెవరూ వంగలేదు. చూద్దాం గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"కాయ మీదుంది కదమ్మాయ్, ఒక్క కోత కోసుకుని పీకుతా. అయినా అవతలాయన పీకాడా?"

"మీరు పీకితే ఆయన పీకుతాడు బాబాయ్."

"ఆయన పీకితే నేనూ పీకుతాగా."

"మీ ఇద్దరూ ఒక గుమ్మం దగ్గర ఎదురుపడితే, నువ్వు ముందంటే నువ్వు ముందనుకుంటూ అక్కడే ముసలివాళ్ళైపోతార్రా" అన్నాను. వాడు హాయిగా నవ్వి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే ఆమె మిగుల్చుకున్న సగమూ ముడుచుకుపోయింది. చూద్దాం చేనూ, అవతలాయన చేనూ అంతే. ఆసామి వచ్చి గట్టు దిగకుండానే చేను వెనక్కి తీసుకున్నానని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం రేడియోకి మొదటి ఫోన్ చూద్దాందే.

"నువ్వన్నది అక్షరాలా నిజమమ్మా. అందరం ఒక్కసారే పీకాల్సింది. భలే చెప్పావు."

"సంతోషం బాబాయ్."

"వచ్చే పంటకి ఏం చెయ్యాలో కూడా చెప్పు, వింటాం."

చేను లేని పిల్ల నారుమడికి దోమతెర ఎలా కట్టాలో, నాట్లు అందరూ కలిసి ఎప్పుడు వెయ్యాలో, ఒక్క ముక్క వదలకుండా చెప్పి మైకు నావైపు జరిపింది.

కోతలు కొయ్యడానికి నాకు నోరు రాలేదు. పాట వెయ్యమన్నాను.