జిగురు వాసన మీద నేరం

మా బుక్ బైండింగ్ షాపులో పనివాళ్ళు మా అక్కని చాటుగా జడ్జిగారు అంటారు. షాపు ఆమెది, తీర్పులూ ఆమెవే. నా భార్య పోయాక ఇంటికి పెద్ద కూడా ఆమే. నా కోడలికి మొదటి గర్భం పోయినప్పుడు నేరం కుట్టు మిషను మీద పడింది. రెండోసారి జిగురు వాసన మీద. మూడోసారి కోడల్ని గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి, కాళ్ళ కింద పాత డిక్షనరీల కట్ట పెట్టించింది. వచ్చినవాళ్ళంతా "ఎన్నో నెల?" అని అడిగేవారు. అదీ నిలవలేదు. నేరం మోపడానికి ఇక వస్తువులేవీ మిగల్లేదు గనక కోడలే దోషి అయింది.

డాక్టరు మా అబ్బాయికీ, కోడలికీ రక్తపరీక్ష చేయించింది. ఫలితం చెప్పిన రోజు నేనూ పక్కనే ఉన్నాను.

"తేడా అబ్బాయిలో ఉంది. రెండు క్రోమోజోముల్లో ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారాయి. అతనికి ఇబ్బందేమీ లేదు. కానీ బిడ్డకి వెళ్ళేటప్పుడు ఒక ముక్క ఎక్కువ, ఇంకోటి తక్కువ కావచ్చు. అలాంటి పిండం చాలావరకు నిలవదు. అమ్మాయి ఏం చేసినా, చేయకపోయినా."

అని, కాగితపు రుమాళ్ళ పెట్టెని కోడలి వైపు కాక మావాడి వైపు జరిపింది. ఆ ఒక్క పనికే ఆమెకి దణ్ణం పెట్టాలనిపించింది.

బయటికొచ్చాక కోడలు మావాడితో, "అత్తయ్యగారికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను" అంది.

"చెప్తాలే."

మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క మొదలెట్టింది. "మావాడు గుండ్రాయిలా ఉన్నాడు. లోపం ఎక్కడుందో చెప్పడానికి డాక్టరెందుకు? ఒక్క ఏడాది చూస్తాను. ఆ తర్వాత ఈ పిల్లని పుట్టింటికి పంపి, వాడికి ఇంకో సంబంధం చూస్తాను."

మావాడు మంచినీళ్ళు తాగాడు. కోడలు వాడి వైపు చూసింది. తడి అట్ట మీద వేలిముద్ర పడితే, చెత్తబుట్టలో వేసేముందు దాన్ని మేం చూసే చూపది.

"ఇంకో గ్లాసు పొయ్యనా?" అంది. "గొంతులో మాట అడ్డం పడ్డట్టుంది."

వాడు గ్లాసు దించాడు. "అత్తా, తేడా నాలో ఉంది. రెండు పుస్తకాల్లో పదహారేసి పేజీల ఫారాలు తారుమారయ్యాయనుకో. రెండూ పక్కపక్కనుంటే ఒక్క పేజీ కూడా పోదు. ఒక్కటే పట్టుకెళ్ళినవాడికే తంటా. నేను అలాంటి జత."

అక్క కాసేపే తడబడింది. "మా రక్తంలో అలాంటివి లేవు. మీ అమ్మదై ఉంటుంది. నీ ముందు దానికీ రెండు పోయాయిగా."

చచ్చిపోయినవాళ్ళు ఎదురు చెప్పరు. మా అక్కకి అంతకన్నా అనువైన ముద్దాయి ఎక్కడ దొరుకుతుంది?

"నేనూ రక్తం ఇస్తానక్కా," అన్నాను. "ఆవిడదో, నాదో తేలిపోతుంది."

"ఇచ్చుకో. నీకు పనేముంది!"

కొన్ని వారాలకు తేలింది. అది నాదే. ఆసుపత్రి మెట్ల మీద నిలబడి నా భార్యని తలుచుకున్నాను. ఆవిడ కడుపు మీద పడ్డ మాటలన్నీ నాకు రావలసినవి. ఆలస్యంగానైనా ఆవిడ నిర్దోషి అయింది.

షాపుకొచ్చి, కోడలి ముందే అక్కకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. చేతిలో ఉన్న కాగితాలు బల్ల మీద పెట్టి కూర్చుంది.

"పెళ్ళైన కొత్తలో నాకూ పోయాయిరా," అంది. "కాగితం రీములు మోశానని మా అత్త తిట్టింది. మోశాను కూడా. నా వల్లే పోయాయనుకున్నాను ఇన్నాళ్ళూ. అయితే... రీములు కాదా?"

కోడలు బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"ఏమో, నాకేం తెలుసు? తమ్ముడికున్నది అక్కకీ ఉండొచ్చు. మీరూ టెస్టు చేయించుకుంటే తెలుస్తుంది. నేనిప్పుడు డాక్టరు దగ్గరికే వెళ్తున్నాను. మళ్ళీ ప్రయత్నించాలో వద్దో ఆవిడతో మాట్లాడి నేనే తేల్చుకుంటాను. వస్తే రండి. కానీ నన్ను పుట్టింటికి పంపే మాట ఇంకోసారి ఎత్తితే, కారు ఆపి దారిలోనే దించేస్తాను."

"నన్నా?"

"మిమ్మల్నే."

అక్క నా వైపు చూసింది. నేను కల్పించుకోలేదు. అక్క చెప్పులు వేసుకుని కోడలి వెనకే బయల్దేరింది.