పద్మనాభానికి దొరికిన రాగి సెంటు

తొమ్మిదేళ్ళుగా నేను వర్జీనియా పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతున్నాను. అంతర్యుద్ధం నాటి సీసపు తూటాలు ఒక డబ్బాడు, సిపాయిల కోటు గుండీలు ఆరు, గుర్రపు నాడాలు కొన్ని, సోడా డబ్బాల ముక్కలు లెక్కలేనన్ని. ఇదీ నా ఆస్తి. నా స్నేహితుడు పద్మనాభం ఇది మొదలుపెట్టి మూడు నెలలైంది. 1794 నాటి రాగి సెంటు నాణెం అతనికి దొరికింది.

దొరకడం కూడా ఎలా దొరికిందో వినండి. ఆ పొలం వాకర్ అనే ముసలి రైతుది. అందులో అడుగుపెట్టనివ్వడానికి ఆయన నన్ను రెండేళ్ళు తిప్పుకున్నాడు. రెండు క్రిస్మస్‌లకి మా ఆవిడ రేణు చేత కాజాలు చేయించి పట్టుకెళ్తే అప్పుడు సరే అన్నాడు. వంతెనలు కట్టే ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి, నా పద్ధతి నాకుంది. సోయా కోసేశాక చేనంతా వరసలుగా గీసుకుని, ఒక్క అడుగు వదలకుండా నడుస్తాను. పద్మనాభం గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరుగుతాడు. ఫోన్‌లో పాటలు వింటూ మరీ తిరుగుతాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం నేను లంచ్ బ్యాగు పెట్టుకున్న చోటికి మూరెడు దూరంలో నిలబడి, ఇక్కడేదో మోగుతోంది, తవ్వమంటారా అని అడిగాడు. ఆ చోటు నేను పొద్దుట రెండుసార్లు దాటాను.

మట్టిపెళ్ళలోంచి గోధుమరంగు బిళ్ళ బయటపడింది. జుట్టు విరబోసుకున్న అమ్మాయి తల, దాని కింద సంవత్సరం, ఒక్కో అంకె విడివిడిగా. నా కడుపు భగ్గుమంది. మాటవరసకి కాదు, నిజంగానే ఛాతీ కింద మంట పుట్టి సాయంత్రం దాకా చల్లారలేదు.

ఎందుకంత మంటో చెప్పాలి. ఇలా పాత వస్తువులు వెతికేవాళ్ళ రెలిక్ క్లబ్ మాది, అందులో నలభైమంది సభ్యులం, ఇండియన్లం మేమిద్దరమే, పద్మనాభాన్ని చేర్పించిందీ నేనే. ఏటా నవంబరులో ప్రదర్శన ఉంటుంది. ఆ ఏడాదికల్లా గొప్ప వస్తువు దొరికినవాడికి చెక్క ఫలకం ఇచ్చి, పది నిమిషాలు మాట్లాడమంటారు. ఆ పది నిమిషాల ప్రసంగం నా దగ్గర ఏడేళ్ళుగా సిద్ధంగా ఉంది. కారులో ఒక్కణ్ణే వెళ్తున్నప్పుడు చెప్పుకుంటాను. ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ ఆగాలో అన్నీ తెలుసు. ప్రదర్శన ఇక పదమూడు రోజులుంది. ఆ మైకు ముందు పద్మనాభం నిలబడతాడు. ఏకు మేకవడమంటే ఇదే.

గురువుగారి అలవాటు చావదు కదా, పొలంలోనే జాగ్రత్తలు చెప్పాను. రాగి మీద రెండు వందల ఏళ్ళుగా పేరుకున్న ఆ గోధుమరంగే దాని ప్రాణం, రుద్దితే నాణెం చచ్చినట్టే, తోమిన నాణేన్ని మా క్లబ్‌లో బల్ల మీద కూడా పెట్టనివ్వరు, వేలితో కూడా తుడవొద్దు అన్నాను. చెప్పినందుకు దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆష్‌బర్న్‌లో వాళ్ళిల్లు చేరేసరికి కాఫీ తాగి వెళ్ళమని పద్మనాభం బలవంతం చేశాడు. మోకాళ్ళదాకా బురద, స్నానం చేసొస్తానని మేడ మీదికి పోయాడు. నాణేన్ని చిన్న స్టీలు గిన్నెలో పెట్టి కిచెన్ గట్టు మీదే వదిలేశాడు. మర్నాడు కార్తీక పౌర్ణమి. వాళ్ళావిడ వసుమతి ఇత్తడి కుందులూ, రాగి చెంబులూ సింకు నిండా వేసుకుని, చింతపండు నానబెట్టుకుని తోముతోంది. నాకు కాఫీ ఇచ్చి, ఆయన ఫోన్‌లో తెగ మురిసిపోతున్నది దీని గురించేనా అంటూ గిన్నెలోకి తొంగి చూసింది.

"అన్నయ్యగారూ, ఇది రాగే కదా? చింతపండు పెట్టి తోమొచ్చా? ఆయన దిగొచ్చేసరికి తళతళలాడించి చూపిస్తాను."

అడిగింది. స్పష్టంగా, నా మొహంలోకి చూసి అడిగింది. వద్దమ్మా అంటే చాలు. ఒక్క ముక్క. అది గొంతుదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే మేడ మీద బాత్రూంలోంచి పద్మనాభం కూనిరాగం వినబడింది.

"రాగేనమ్మా. మీ ఇష్టం," అన్నాను.

చిటికెడు ఉప్పు కూడా వేసి తోమింది. నేను కాఫీ తాగుతూ చూస్తూ కూర్చున్నాను. మొదట గోధుమరంగు పోయింది, తర్వాత అమ్మాయి జుట్టు నున్నబడింది. కడిగి పొడిబట్టతో తుడిచేసరికి నిన్న మొన్న చేసిన బొత్తాంలా గులాబీరంగులో మెరిసింది. దాచడమెందుకు, నాకు హాయిగా అనిపించింది. ఛాతీ కింద మంట ఆరింది.

పద్మనాభం తల తుడుచుకుంటూ దిగొచ్చాడు. ఆవిడ అరచేతిలో పెట్టి అందించింది. అతను తీసుకోలేదు, అలా చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత కుర్చీలో కూలబడి, దీన్ని తోమకూడదు వసూ, ఇక ఇది ఎందుకూ పనికిరాదు అని మెల్లగా చెప్పాడు. ఆవిడ చెయ్యి ఇంకా చాచే ఉంది.

"నీకు తెలీదు, సరే. రావుగారు ఇక్కడే ఉన్నారు కదా, ఒక్క మాట అడగొచ్చు కదా," అన్నాడు.

వసుమతి నావైపు చూసింది. అంతా అర్థమైన చూపు. కోపం లేదు, కొలుస్తున్నట్టు చూసింది. నేను కప్పులోకి చూశాను. కాఫీ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఆవిడ నోరు విప్పితే మా ఊళ్ళో తెలుగువాళ్ళెవరి గుమ్మమూ నేను తొక్కలేను.

"అడగలేదండీ. ఆయన పేపరు చదువుకుంటున్నారు, డిస్టర్బ్ చెయ్యడమెందుకని నేనే తోమేశాను. తప్పు నాదే," అంది.

పద్మనాభం పోనీలే అంటూ లేచి, ఆవిడ చేతిలోంచి నాణెం తీసుకున్నాడు. ఆ చేతిని మాత్రం వదల్లేదు. చింతపండు పులుసుతో తడిసిన వేళ్ళను తన తువ్వాలుతో ఒక్కొక్కటే తుడిచాడు. ఆవిడ నన్ను కాపాడుతోందని అనుకున్నాను గాని, నన్ను కాదు. స్నేహితుడు మోసం చేశాడన్న సంగతి తెలియకుండా మొగుణ్ణి కాపాడుకుంది.

సిగ్గుపడాల్సిన సమయం. పడ్డాను కూడా, కానీ ఆ తర్వాత. దానికంటే ముందు వచ్చింది మళ్ళీ అదే మంట, పొలంలో వచ్చినదానికి పదింతలు. ఇలాంటి మనిషి కూడా వీడికే దొరికిందా అనుకున్నాను.