ముప్పై అడుగుల చెక్క, నాలుగు చదరాలు

ఆ ఆఫీసులో ముగ్గురు అధికారులు: పెద్దాఫీసరు, నడిపాఫీసరు, చిన్నాఫీసరు. పిలుపులు అన్నదమ్ములవే గానీ, వాళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అలాంటివాళ్లు జీవితంలో మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. ఎవరి గదీ ఎవరి గదికంటే అంగుళం పెద్దది కాకూడదు, అన్నీ నలుచదరంగా ఉండాల్సిందే!

ఆ గదులుగా విడదీయాల్సిన హాలు పొడవు నలభై అడుగులు, వెడల్పు పది. స్టోరులో చెక్క ముప్పై అడుగులే ఉంది, మళ్లీ వచ్చేది వచ్చే ఏడాదే. పదకొండేళ్లుగా మెట్ల కింద నడుం వంచి రంపం లాగుతున్న వడ్రంగి, సుద్దముక్కతో నేల మీద అడ్డంగా మూడు గీతలు గీశాడు. పదేసి అడుగుల అడ్డగోడలు మూడు, సమానమైన చదరాలు నాలుగు. బెత్తెడు చెక్క మిగలదు, తగ్గదు.

"శభాష్! ఆ మిగిలిన నాలుగోది నీ పనికి తీసుకోవయ్యా" అన్నాడు పెద్దాఫీసరు.

హాలుకి తలుపు ఒక్కటే, అదీ ఒక చివర. లోపలి గదులకు దారేదీ అన్న సంగతి వడ్రంగికి గీతలు గీస్తున్నప్పుడే తట్టింది. కానీ నడవా వేయాలంటే చెక్క చాలదు, చదరాలు చదరాలుగా మిగలవు, తనకొచ్చే గదీ ఉండదు. ఆ తలుపు దగ్గర గదిలో ఎవరో ఒక ఆఫీసరు పడి ఏడుస్తాడులే అనుకుని బెల్లంకొట్టిన రాయిలా ఊరుకున్నాడు.

గోడలు లేచాయి. ఒక్కో గోడకు నడిమధ్య తలుపు కోసి, కోసిన ముక్కనే తలుపుగా బిగించాడు.

"పెద్దవాళ్లు లోపలుంటేనే మర్యాద" అంటూ పెద్దాఫీసరు చిట్టచివరి గదిలోకి నడిచాడు. దాని ముందుది నడిపాయనకు, ఆ ముందుది చిన్నాయనకు పోయాయి. ఎవరు తీసిన గోతిలో వారే అన్నట్టు, తలుపు దగ్గరి గది వడ్రంగి నెత్తిన పడింది.

మర్నాడు పొద్దున్నుంచీ ఆఫీసు ఆఫీసంతా అతని గదిలోంచే నడిచింది. ప్యాంటుకి రంపపు పొట్టు అంటిందని చిన్నాఫీసరు, మోకాలికి చెక్క తగిలిందని నడిపాఫీసరు, చప్పుడుకి తల పగిలిపోతోందని పెద్దాఫీసరు గొడవ చేశారు. మధ్యాహ్నానికల్లా బల్ల, రంపం, చిత్రిక బయటికి పోయాయి. వడ్రంగి ఎవరిని తిట్టుకోవాలి?

సాయంత్రం పెద్దాఫీసరు భుజం తట్టాడు. "ఎలాగూ తలుపు దగ్గరే ఉన్నావుగా, వచ్చేవాళ్లెవరో కనుక్కుని లోపలికి పంపుతుండు. కూర్చోడానికి ఓ స్టూలు చేసుకో."

"ఎక్కడ చేసుకోమంటారు సార్?"

పెద్దాఫీసరు మనసు నొచ్చుకుంది.

"మాతో సమానంగా గది ఇస్తే, ఇంకా చోటు లేదంటావేంటయ్యా!"