ప్రారంభోత్సవం నాటి వేడినీళ్లు

మా అన్న పౌలును సమాధి చేసిన రోజు, సమాధుల తోటలోనే, అన్న పనిచేసిన కాలేజీ శాఖాధిపతి వెంకటసుబ్బారావు గారు నన్ను వ్యాను తాళాలు అడిగారు. అప్పటికింకా మట్టి వేస్తున్నారు. ఆయన గొంతు తగ్గించి అడిగారు. అంతవరకు మర్యాద తెలిసిన మనిషే.

అది 1967 వానాకాలం. అన్న యూనివర్సిటీ ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు. పల్లెలకు వెళ్లే డాక్టరమ్మ, నర్సు అందులోనే తిని పడుకునేలా ఒక పాత వ్యానును ఇల్లుగా మారుస్తున్నాడు. నీళ్ల తొట్టిలో రాగి గొట్టాన్ని చుట్టలుగా అమర్చాడు. ఇంజనులో కాగిన నీళ్లు ఆ గొట్టంలో తిరిగితే తొట్టిలో నీళ్లు వేడెక్కుతాయి. ఒకదాంట్లో ఒకటి కలవవు. బండి ఊరు చేరేసరికి పురుడు పోయడానికి వేడినీళ్లు సిద్ధం. గొట్టం కొసలు ఇంజనుకు బిగించడమే మిగిలింది. ఈలోగా అన్నను కామెర్లు తీసుకుపోయాయి.

నెల తిరక్కుండా ప్రారంభోత్సవం పెట్టారు. తార్నాకలో మా బడికి సెలవు పెట్టి వెళ్లాను. వ్యానుకు మామిడాకులు కట్టారు. ముఖ్య అతిథి కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ నీళ్లు వచ్చాయి. చప్పట్లు కొట్టారు. "ఇది మా శాఖ కృషి" అన్నారు వెంకటసుబ్బారావు గారు. అన్నను "ఒక స్వర్గీయ సహోద్యోగి" అన్నారు.

నేను డ్రైవరు సమ్మయ్యను పక్కకు పిలిచాను.

"ఇంజను స్టార్టే చేయలేదు కదా. నీళ్లెలా కాగాయి?"

"గవి హాస్టల్ వంటింటి నీళ్లు, టీచరమ్మా. బకెట్లతోని మోసుకొచ్చి పోసినం."

"గొట్టం నువ్వు బిగించలేవా?"

"సార్ చెప్పకుంట ముడితే నా నౌకరి పోతది."

సార్ లడ్డు తింటున్నారు.

"గొట్టం ఇంకా కలపలేదండీ," అన్నాను.

"నీళ్లు వేడిగానే వచ్చాయి కదమ్మా!"

"రేపు పల్లెలో రావు."

"చూడండి విజయకుమారి గారూ. ప్రారంభించిన బండికి మళ్లీ పని పెడితే, పూర్తికాని బండిని ప్రారంభించామని ఒప్పుకున్నట్టే. మీ అన్నగారి పేరుకే మచ్చ."

అన్నకు పేరున్నట్టు ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

మా బడిలో పిల్లలు పక్కవాడి పలకలో చూసి లెక్క దింపుకుంటారు. పట్టుబడితే తల వంచుకుంటారు. ఈయన ఇంకో లడ్డు తీసుకున్నారు.

వ్యాను పల్లెలకు తిరుగుతోంది. అక్కడ నొప్పులు పడుతున్న మనిషిని డాక్టరమ్మకు వదిలి, నర్సు వానలో తడి కట్టెలు ఊదుకుంటోంది. గొట్టాన్ని ఇంజనుకు ఇంకా కలపలేదు.