గాల్లో బిగించిన బోల్టులు

మా బావ బండి మొరటుగా తోలుతాడని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, నా మెకానిక్ షెడ్డు ముద్ర కూడా కొట్టినవాణ్ని నేనే. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడోసారి రాయబోతున్నానని తెలిసి మా అక్క పొద్దున్నే షెడ్డుకొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

బావంటే అక్క మొగుడే. కొండ ఊళ్లకు నర్సుల్నీ మందుల పెట్టెల్నీ చేరవేసే ఆసుపత్రి జీపుకు పంతొమ్మిదేళ్లుగా ఆయనే డ్రైవరు. మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన బండి అది. రోడ్డు మీద తిరిగింది తక్కువ, రాళ్ల మీద తిరిగింది ఎక్కువ. దాని చక్రాల్ని చట్రానికి కలిపి ఉంచే ఇనుప ఆర్మ్‌లుంటాయి. ఆర్మ్ చట్రానికి తగిలేచోట రబ్బరు బుష్షు ఉంటుంది. అదురంతా అదే మింగుతుంది. కంపెనీ వేసిన బుష్షులు పదహారేళ్లు ఆగాయి. ఆ తర్వాత నేను వేసినవి ఏడాది తిరిగేసరికి చిరిగిపోతున్నాయి. ఇప్పుడు వేయబోయేది నాలుగో సెట్టు.

ఎందుకిలా అవుతోందని ఆసుపత్రి మేనేజరు ప్రతిసారీ కాగితం మీద అడుగుతాడు. ‘డ్రైవింగ్ మొరటు’ అని నేను రాస్తూ వచ్చాను. ఈసారీ అదే కారణమైతే బావను బండి దింపేసి స్టోరు గది కాపలాకు వేస్తానని ఆయన కబురు పంపాడు.

“పదహారేళ్లు లేని మొరటుతనం మీ బావకి ఇప్పుడు కొత్తగా పుట్టుకొచ్చిందట్రా?” అంది అక్క.

“వయసు మీద పడితే చెయ్యి బరువెక్కుతుందక్కా. బావ కదా అని అబద్ధం రాయమంటావా? నేను ముక్కుసూటి మనిషిని.”

“ఆ ముక్కు వంకరేమో ఒకసారి అద్దంలో చూసుకో. ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటోడే! స్టీరింగు వదిలేసి తాళాలు కాస్తూ కూర్చుంటే ఆయన మనిషి కాడ్రా. అది చెప్పడానికే వచ్చా.”

వచ్చిన దారినే వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని పట్టుకుని ఆడలేనివాడంటుందా!

తర్వాత కాసేపటికి బావ జీపు తెచ్చాడు. ఎప్పుడూ తాళం ఇచ్చి వెళ్లిపోయేవాడు, ఆ రోజు మాత్రం ఖాళీ ఆయిల్ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. ప్రయాణానికి ముందు చక్రం నట్టు మీంచి రిమ్ము మీదకు ఒక చార గీస్తాడు. తిరిగొచ్చాక చార విరిగి కనబడితే నట్టు వదులైనట్టు. “ఏం పంతులూ, బడి లేదా?” అని ఆటపట్టించాను. చిన్నగా నవ్వాడు.

జీపును జాకీతో లేపి చట్రం కింద స్టాండ్లు పెట్టాను. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన ఊడిరాలేదు. నూనె పోసి, సుత్తితో బాది, చివరికి నడుం పట్టేశాక వచ్చాయి. పాత బుష్షొకటి బావ చేతిలో పెట్టాను.

“చూడు, రబ్బరు చుట్టూ ఎలా చీలిపోయిందో. గుంతల్లో ఎత్తి పడేస్తే ఇలాగే అవుతుంది మరి.”

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అవున్రా” అన్నాడు.

కొత్తవి ఎక్కించి, పొడుగు పానాతో ఎనిమిది బోల్టులూ బిగించాను. మా గురువు లారీల దగ్గర నేర్పినట్టే, బండి గాల్లో ఉండగానే. బావ వెనకాలే పాక్కుంటూ వచ్చి ప్రతి బోల్టు తల మీంచి, రబ్బరు మీదుగా, ఆర్మ్ మీదకు ఒక్కో తిన్నని చార గీశాడు.

“ఇక్కడ కూడానా?”

“అలవాటురా. వదులైతే తెలుస్తుంది కదా.”

బండిని కిందకు దించి, పనిముట్లేవైనా మర్చిపోయానేమోనని లైటు పట్టుకుని, బండి అడుగు చూడటానికి షెడ్డులో తవ్విన గోతిలోకి దిగాను. చారలు కంటబడ్డాయి. ఎనిమిదికి ఎనిమిదీ విరిగిపోయి ఉన్నాయి. బోల్టు మీది గీత ఉన్నచోటే ఉంది. ఆర్మ్ మీది గీత వేలి మందాన పక్కకు జరిగింది. మధ్యలో రబ్బరు పిండిన తడిగుడ్డలా మెలిపడి ఉంది. జీపు ఇంకా అడుగైనా కదల్లేదు. గుంత లేదు, రాయి లేదు, డ్రైవరూ లేడు.

లారీల ఇత్తడి బుష్షులైతే తిరుగుతాయి. ఈ రబ్బరువాటిని బోల్టు పట్టేస్తుంది, అవి తిరగలేవు. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి బరువు పడగానే మెలిపడి, ఊడదీసేదాకా అలాగే ఉండి, ప్రతి అదురుకీ చీలిపోతాయి. మూడు సెట్లూ నేనే చంపాను. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఏరా, చారలు బాగున్నాయా?” పైనుంచి బావ కేక.

“దిగి రా బావా.”

దిగాడు. ఒక్కో చార మీదా వేలు పెట్టి చూశాడు. పంతొమ్మిదేళ్లు ఆ బండి తోలినవాడికి నేను విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

“రోడ్లు బాగాలేవని రాసెయ్” అన్నాడు చివరికి. “నన్ను బండి దింపరు. నీకు ఆసుపత్రి పనీ పోదు.”

ఆసుపత్రి బండ్లన్నీ నా దగ్గరికే వస్తాయి. నా పనిలో సగం అదే. మంచి ఉపాయమే. కానీ నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, అదీ ఆయన మీదే.

“నువ్వెలా తోలుతావో నీకు తెలీదా? నేను అంత మాటంటే రెండేళ్లు నోరుమూసుకుని ఎందుకు పడ్డావయ్యా?”

“నువ్వు పనిమంతుడివి కదరా. నువ్వన్నావంటే నిజమే కాబోలనుకున్నా. అప్పట్నుంచీ గుంత కనబడితే చాలు, బండి ఆపి, దిగి, చూసుకుని మరీ దాటిస్తున్నా. నర్సులు నన్ను నత్త అంటున్నార్లే.”

నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. రబ్బరు పోతే కొత్తది వేస్తాం. ఈ మనిషికి తన చేతుల మీదున్న నమ్మకాన్ని నేను రెండు ముద్రలు కొట్టి ఊడబీకాను.

బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే, గోతిలోంచి ఎనిమిది బోల్టులూ వదులు చేసి మళ్లీ బిగించాను. బావ పాత చారలు చేత్తో తుడిచేసి కొత్తవి గీశాడు. తర్వాత పైకెళ్లి బంపరెక్కి తొక్కాడు. చారలు కొంచెం కదిలి, మళ్లీ వచ్చి కలిసిపోయాయి.

కాగితం తీసుకుని రాశాను: ‘బుష్షులు చిరగడానికి కారణం మెకానిక్ బిగించిన తీరు. ఇంతకుముందు రెండుసార్లు నేను రాసింది తప్పు. డ్రైవరు తప్పు ఎప్పుడూ లేదు.’ ముద్ర కొట్టి బావకిచ్చాను.

చదివి అడ్డంగా తల ఊపాడు. “ఆ రెండో వాక్యం కొట్టెయ్యరా. ఎందుకొచ్చిన గొడవ.”

“ముద్ర పడిపోయింది బావా.”

“మీ అక్కకేం చెప్పమంటావు?”

“ముక్కు వంకరేనని చెప్పు.”

జీపు స్టార్టు చేశాడు. షెడ్డు గేటు దగ్గర, రోడ్డు మీదకు ఎక్కేచోట ఒక గుంత ఉంది. దాని ముందు జీపు ఆగింది. తలుపు తెరుచుకుంది. బావ కాలొకటి కిందికి దిగింది.

“దిగకు బావా!” వీధంతా వినబడేలా అరిచాను. “పోనియ్! నీ చేతుల్లో ఏ తప్పూ లేదు!”

ఆయన నావైపు తిరిగి చూశాడు. కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకున్నాడు. జీపు గుంతలో దిగి, లేచి, రోడ్డెక్కి వెళ్లిపోయింది.